చిప్ మార్చిన సోమవారం

విశాఖపట్నం
11 జూన్ 2023

సిద్దయ్య అన్నకి, గిరి రాస్తున్నాను.

బదిలీ మీద ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. నాగోల్ ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో నాచారం వచ్చి నిన్ను కలవలేకపోయాను. కలవలేకపోయాను అనడం కూడా పూర్తి నిజం కాదు. ఒక సాయంత్రం మీ సందు మొగలో బండి ఆపి, వెనక్కి తిప్పుకొని వచ్చేశాను. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న మనిషి ముందు ప్రమోషన్ వచ్చినవాడు ఏం మాట్లాడతాడు, అందులోనూ పని నేర్పించిన మనిషి ముందు?

చనిపోయిన కొమురెల్లి గురించే నువ్వు ఆలోచిస్తూ ఉంటావని నాకు తెలుసు. ఎంక్వైరీలో నీకు చెవి పరీక్ష పెట్టి, "గ్యాస్ అలారం పనిచేస్తూనే ఉంది, ఆపరేటర్‌కి వినపడలేదు" అని రాసి నిన్ను ఇంటికి పంపేశారు. వినపడకపోవడం నీ తప్పు కాదన్నా. ముప్పై ఏళ్ళు కంప్రెసర్ల పక్కన నిలబడిన చెవులవి. ఆ రొదలో ఎవరి చెవులైనా పోతాయి. కంపెనీ ఏనాడైనా చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా ఇచ్చిందా? దూది పెట్టుకోమనేవారు.

ఇప్పుడైనా మంచి డాక్టరుకి చూపించుకుని చెవి మిషన్ పెట్టించుకో. మనసులో పెట్టుకుని కుమిలిపోకు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే ఆ ఫోన్ వదిన చేతిలో ఉంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. వేళకి తింటున్నావా? మా పాప ధనశ్రీ నిన్ను అడిగానని చెప్పమంది. ఇక్కడే ఇంటర్ సెకండియర్‌లో చేర్పించాం.

నీ తమ్ముడు
గిరిప్రసాద్


నాచారం
2 జూలై 2023

తమ్మీ గిరీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. సందు మొగదాక వచ్చి మర్లిపోయిన్నని రాసినవ్. లోపటికి రావాల్సింది. కృష్ణమ్మ చాయ్ పెట్టేది. నీకు ప్రమోషన్ వచ్చిందంటె నేను ఏడుస్తనా.

ఇగ ఆ రోజు సంగతి. ఎంక్వైరీల వాళ్ళు అడిగిన ప్రశ్నలు నాకు సగం ఇనబడలే. నేను చెప్పిందేందో, వాళ్ళు రాసుకున్నదేందో. నీకన్న మొదటికెల్లి చెప్పుకుంట.

ఆ వారం సోమవారం నువ్వు ఉప్పల్ మందుల ఫ్యాక్టరీకి వచ్చి మా చిల్లర్ ప్యానెల్ల చిప్ మార్చి పోయినవ్. బేస్తవారం మధ్యాహ్నం మందుల ప్యాకింగ్ లైన్ ఒకటి ఆగింది, చిల్లర్ మీద లోడు తగ్గింది. కొమురెల్లి మిషన్ ఎనుక పైపులకు ఇన్సులేషన్ చుడుతున్నడు. నేను పక్క క్యాబిన్ల కూసోని రీడింగులు రాస్తున్న. లోడు లేక నీళ్ళు బాగ చల్లబడి, ట్యూబులల్ల గడ్డగట్టి, ట్యూబులు పగిలి గ్యాస్ రూంల నిండింది. అలారం హారన్ నా క్యాబిన్ దర్వాజ మీదనే ఉన్నది. నాకు ఇనబడలే. కాళ్ళ కింద మిషన్ గడగడ ఆగిపోయినంక తెలిసింది. చెవులు పోయినకాడికెల్లి మిషన్‌ను నేను కాళ్ళతోనే ఇంటున్న. లేచి పోయి సూస్తె కొమురెల్లి గోడకు ఒరిగి కూసున్నట్టే ఉన్నడు. చేతుల టేపు చుట్ట అట్లనే ఉన్నది.

ఐదేండ్ల సంది నాకు చెవులు మందం. ఎవ్వలికి చెప్పలే, నీకు గూడ. పెదాలు జూసి జవాబు చెప్పేది. రిటైర్ అయ్యేదాక ఎట్లనో నెట్టుకొస్త అనుకున్న. నా కొలువు కాపాడుకుందామని ఒక మనిషిని సంపిన.

పోయిన నెల బోడుప్పల్ల కొమురెల్లి ఇంటికి పోయిన. ఆయన భార్య వెంకటనర్సమ్మ దర్వాజల నిలబడి మాట్లాడింది. నాకు ఇనబడదని ఆమెకు తెలుసు. అయినా చెప్పేదంత చెప్పి తలుపేసింది. పెదాలు సదువుత గద, కొన్ని తెలిసినయి. అవి రాయను.

నువ్వు నా తప్పు కాదన్నవ్. ఆ మాట అన్నది నువ్వు ఒక్కనివే. కృష్ణమ్మ గూడ అనలే.

సిద్దయ్య


విశాఖపట్నం
20 సెప్టెంబర్ 2023

అన్నా,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఒళ్ళు హూనమయ్యే పని పెట్టారు. మన కంపెనీ అమ్మిన పాత చిల్లర్లన్నిటికీ చిప్‌లు మార్చాలట. ఉచితంగానే. ఇక్కడి మందుల ఫ్యాక్టరీలు, చేపలు నిల్వ పెట్టే కోల్డ్ స్టోరేజీలు, ఒక సినిమా హాలు కూడా, అన్నీ నా నెత్తినే వేశారు. రోజుకి మూడు మిషన్లు.

ప్యానెల్ తెరిచినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. చేతికి ఎర్త్ తీగ కట్టుకో, చిప్‌ని ఒక పక్కనుంచి లేపకు, కాళ్ళు వంగుతాయి, గాటు ఉన్న వైపు పైకి పెట్టు. పదహారేళ్ళయినా నీ గొంతు చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. ఈ కుర్ర ఇంజినీర్లు స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్ళగిస్తున్నారు.

కొత్త వెర్షన్ కొంచెం నయం. గ్యాస్ అలారం దానంతటదే ఆన్‌లో ఉంటుంది, ఎవరూ ఎక్కించక్కర్లేదు. నీళ్ళ చల్లదనం హద్దు కూడా అంతే. పని త్వరగా అవుతుంది.

చెవి మిషన్ సంగతి ఏం చేశావు? బద్ధకించకు. వదినకి నా నమస్కారాలు.

గిరి


నాచారం
15 అక్టోబర్ 2023

తమ్మీ,

నాకు పని దొరికింది. నాచారంల ధర్మేందర్ అని ఒకాయనకు పాత ఇనుము గోదాం ఉన్నది. ఫ్యాక్టరీలల్ల పడేసిన ఏసీలు, చిల్లర్లు కొంటడు. రాగి, ఇత్తడి, మోటర్లు ఏరు జేసి అమ్ముతడు. మిషన్లు నడిపెటోనికి చెవులు గావాలె గని, విప్పెటోనికి ఎందుకన్నడు. మంచోడే. నాతోని మాట్లాడెటప్పుడు మొఖం నా దిక్కు పెడతడు.

నీ ఉత్తరంల ఒక మాట నన్ను పట్టుకున్నది. కొత్త చిప్‌ల గ్యాస్ అలారం దానంతటదే ఆన్ ఉంటదని రాసినవ్. అంటె పాత వెర్షన్ల ఆఫ్ ఉండెనా? చిప్ పీకితె లోపటి సెట్టింగులు పోతయి, కాయితం జూసి మల్ల ఒక్కొక్కటి ఎక్కియ్యాలె. ఇది నేనే నీకు నేర్పిన. కాయితం ముందట పేజి, ఎనుక పేజి. అలారం, నీళ్ళు గడ్డగట్టకముందె మిషన్‌ను ఆపే చల్లదనం హద్దు ఎనుక పేజిల ఉంటయి. ఆ సోమవారం నువ్వు ముందట పేజి కొడుతున్నప్పుడు నేను నీకు చాయ్ తెద్దామని పైకి పోయిన. వచ్చేవరకు ప్యానెల్ మూసినవ్. "అయిపోయిందన్నా" అన్నవ్. నీ పెదాలు జూసిన. సంతకం పెట్టిన.

ఎనుక పేజి గూడ ఎక్కించినవ్ గద. ఎక్కించే ఉంటవ్. ఎంక్వైరీల అలారం ఆన్ ఉన్నదని సూపెట్టిన్రు. నాకు మనసు నిలువక అడుగుతున్న, ఇంకోలెక్క అనుకోకు. ఇంకొకటి, కంపెనీ ఇన్నేండ్లు లేనిది ఇప్పుడు పైస తీసుకోకుండ అందరి చిప్‌లు ఎందుకు మారుస్తుంది?

జర తొందరగ రాయి.

సిద్దయ్య


విశాఖపట్నం
28 నవంబర్ 2023

సిద్దయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు అడిగిన విషయాలు కంపెనీ సాంకేతిక వివరాలకు సంబంధించినవి. ప్రస్తుతం సంస్థలో లేనివారితో వాటిని చర్చించడానికి నాకు అనుమతి లేదు. చిప్‌ల మార్పు అన్నిచోట్లా మామూలుగా జరిగే కార్యక్రమమే.

ఎంక్వైరీ పూర్తయింది, నివేదిక అందరూ అంగీకరించారు. మీరు కూడా సంతకం చేశారు. ఇప్పుడు దాన్ని తవ్వడం వల్ల మీ ఆరోగ్యం పాడవడం తప్ప ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

ఇట్లు
గిరిప్రసాద్

అన్నా, చలి ఎక్కువగా ఉందట అక్కడ. జాగ్రత్త.


నాచారం
21 జనవరి 2024

గిరిప్రసాద్ గారికి,

నువ్వు గారు అన్నవని నేను గూడ అన్న. ఇదొక్కసారే. నాకు అలవాటు లేదు.

సంక్రాంతి ఎల్లినంక ధర్మేందర్ గోదాంకు ఉప్పల్ కెల్లి ఒక చిల్లర్ వచ్చింది. లారీ మీదకెల్లి దించుతుంటెనే గుర్తువట్టిన. నేను పదకొండేండ్లు నడిపిన మిషన్. ట్యూబులు పగిలినంక బాగు చెయ్యడం దండుగని మూలకు పడేసి, ఇప్పుడు తూకానికి అమ్మిన్రు. ధర్మేందర్‌కు ఆ మిషన్ కథ తెల్వదు. విప్పుమన్నడు.

విప్పేముందు ప్యానెల్ ఊడదీసి బల్ల మీద పెట్టుకున్న. అండ్ల బొత్తామంత బ్యాటరీ ఉంటది, అది బతికే ఉన్నది. చిన్న పవర్ సప్లై కట్టి కరెంట్ ఇచ్చిన. తెర ఎలిగింది. సర్వీసు పాస్‌వర్డ్ నీకు జెప్పింది నేనే గద. ఏ గడియల ఏ సెట్టింగు మారింది, ఏ అలారం వచ్చింది, అన్ని వరుసగ ఉన్నయి. కాయితం మీద ఎక్కించుకున్న.

ఫిబ్రవరి పదమూడు, సోమవారం. పొద్దుగాల పదకొండు నలభై కెల్లి పదకొండు యాభైరెండు దాక ముందట పేజి సెట్టింగులు. అక్కడ ఆగింది.

ఫిబ్రవరి పదహారు, బేస్తవారం. మధ్యాహ్నం రెండు ఇరవైరెండుకు మిషన్ ఆగింది. దానికి ముందు గ్యాస్ అలారం లేదు. ఏ అలారం లేదు.

అదే రోజు నాలుగు గంటల ఆరు నిమిషాలకు ఎనుక పేజి మొత్తం ఎక్కింది. గ్యాస్ అలారం ఆన్. చల్లదనం హద్దు నాలుగు డిగ్రీలు. అన్ని ఎనిమిది నిమిషాలల్ల.

నాలుగు గంటలకు నేను దవాఖానల కొమురెల్లి పక్కన ఉన్న. ప్లాంటు రూంకు తాళమేసి సెక్యూరిటీవాళ్ళు కూసున్నరు. ఆఫీసు కెల్లి ఒక మనిషి వచ్చి మిషన్ సూసిపోయిండని ఆ రాత్రి తెలిసింది. ఎవరని అడగలే. కొమురెల్లి పోయిండు, ఎవరైతె ఏంది అనుకున్న.

ఆ ఎనిమిది నిమిషాలు ప్యానెల్ ముందట నిలబడ్డది ఎవలో నువ్వు రాయి. నాకు తెలుసు. నువ్వు రాయాలె.

సిద్దయ్య


విశాఖపట్నం
18 ఫిబ్రవరి 2024

అన్నా,

నేనే.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది పంపుతాను.

ఆ సోమవారం నాకు నాలుగు మిషన్లు ఉన్నాయి. ముందు పేజీ అయ్యేసరికి చర్లపల్లి నుంచి ఫోన్, అక్కడ లైన్ ఆపుకుని నాకోసం ఎదురుచూస్తున్నారని. కాయితం తిప్పలేదు. తిప్పలేదని నాకు తెలుసు. సాయంత్రం వచ్చి వెనక పేజీ కొట్టేద్దాం, ఒక్క పూటలో ఏమవుతుంది అనుకున్నాను. నువ్వు టీ పట్టుకొచ్చావు. అయిపోయిందన్నాను. నువ్వు కాయితం కూడా చూడకుండా సంతకం పెట్టావు. సాయంత్రం రాలేదు. మంగళవారం రాలేదు. తరవాత మరిచిపోయాను.

గురువారం మేనేజర్ జగన్మోహన్ గారు ఫోన్ చేసి, "నువ్వు దగ్గర్లో ఉన్నావు కదా, వెళ్ళి ప్యానెల్ ఎలా ఉందో చూడు" అన్నారు. అంతే అన్నారు. వెళ్ళాను. గ్యాస్ ఇంకా పూర్తిగా పోలేదు, ఫ్యాన్లు పెట్టారు. కొమురెల్లి చెప్పులు గోడ పక్కన ఉన్నాయి. తెర మీద గ్యాస్ అలారం ఆఫ్ అని ఉంది. కాయితం తీసి వెనక పేజీ మొత్తం ఎక్కించాను. ఎవరూ చెయ్యమనలేదు. చేతులు చేసేశాయి అని రాయబోయాను, అది కూడా అబద్ధమే. నేనే చేశాను.

మర్నాడు జగన్మోహన్ గారు అడిగారు, "సెట్టింగులు అన్నీ ఉన్నాయా?" అని. "ఉన్నాయి సార్" అన్నాను. ఆయన నా మొహం చాలాసేపు చూసి, "అయితే సరే" అన్నారు. ఎంక్వైరీ వాళ్ళకి ప్యానెల్ తిప్పి చూపించింది నేనే. రోజు రోజు లెక్క ఉండే పేజీ ఉందని వాళ్ళకి తెలియదు, నేను చెప్పలేదు. హారన్ నొక్కి మోగించాను. ఆ గదిలో అందరూ చెవులు మూసుకున్నారు. నువ్వు ఒక్కడివే ఏం జరుగుతోందో తెలియక మా మొహాలు చూస్తూ నిలబడ్డావు. అక్కడితో అయిపోయింది.

ఏప్రిల్‌లో ప్రమోషన్, బదిలీ. వానాకాలంలో కొత్త చిప్‌లు. ఎందుకు మారుస్తున్నామో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

కాబట్టి అలారం మోగలేదన్నా. మంచి చెవులున్నవాడికి కూడా వినపడేది కాదు.

ఈ ఉత్తరం నీ ఇష్టం వచ్చినట్టు వాడుకో అని రాయాలి. రాస్తున్నాను. కానీ మార్చిలో ధనశ్రీకి ఇంటర్ పరీక్షలు. అవి అయ్యేదాకా ఆగగలవా? అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

గిరి


నాచారం
2 ఏప్రిల్ 2024

గిరీ,

ఆగిన. పరీక్షలు ఎప్పుడు అయిపోతయని పేపర్ల జూసుకుంట ఆగిన. పిల్ల ఏం జేసింది.

అయిపోయినంక రెండు రోజులకు ప్యానెల్, నీ ఉత్తరం పట్టుకొని ఫ్యాక్టరీల ఇన్స్పెక్టర్ ఆఫీసుకు పోయిన. ధర్మేందర్ ఎంబడి వచ్చిండు. ప్యానెల్ నాకు ఊరికెనే ఇచ్చిండు. ఆఫీసుల సారుకు కరెంట్ ఇచ్చి తెర సూపెట్టిన. ఆయన అన్ని ఫోటోలు తీసుకొని, నీ ఉత్తరం జిరాక్స్ తీసుకొని, నాకు ముద్రేసిన కాయితం ఇచ్చిండు. మల్ల ఎంక్వైరీ పెడతరట. నిన్ను పిలుస్తరు. నిన్ను అడిగినోళ్ళకు నాకు రాసినట్టే చెప్పు. జగన్మోహన్ సారు ఏం చెప్పుకుంటడో ఆయన ఇష్టం.

కొలువు పోయిందని నాకు నీ మీద కోపం లేదు. ఇంకో రెండేండ్లకు పోయేదే. నన్ను మూగెద్దు లెక్క ఆ గదిల నిలబెట్టి హారన్ మోగించినవ్ సూడు, దానికి గూడ కాదు. ఏడాది పొడుగు నేను మనిషిని సంపిన అనుకుంట బతికిన. అన్నం ముందట కూసుంటె కొమురెల్లి కనవడేటోడు. కృష్ణమ్మ నా మొఖం జూసుడు బంద్ చేసింది. అది నీకు రాసిన. రాసినంక గూడ నువ్వు చెవి మిషన్ పెట్టుకొమ్మని రాసినవ్. మొదటి ఉత్తరంల వేళకు తింటున్నవా అని రాసినవ్. నీ తప్పు కాదన్నా అని రాసినవ్. ఆ మాట ఎంత నిజమో నీ ఒక్కనికే తెలుసు, తెలిసే రాసినవ్. ఆ మాట పట్టుకొనే నేను ఇన్ని దినాలు పానం నిలుపుకున్న. గదే నాకు అరుగుత లేదు.

ఆఫీసు కెల్లి సక్కగ బోడుప్పల్ పోయిన. కొమురెల్లి బిడ్డ నీలవేణి తలుపు తీసింది. లోపటికి రమ్మన్నది. వెంకటనర్సమ్మకు సదువు రాదు. నీ ఉత్తరం నేనే సదివి ఇనిపించిన. నా గొంతు నాకు ఇనబడదు గద, ఎంత పైకి లేచిందో తెల్వలే. పక్కింటోళ్ళు వచ్చి వాకిట్ల నిలబడ్డంక తెలిసింది.

మొత్తం ఇన్నది. ఏడ్వలే. నిన్ను తిట్టలే. నాకు ఏమన్న చెప్తదేమో అని సూసిన. తప్పయింది, నిన్ను అనరాని మాటలన్న అంటదనుకున్న. నిజం చెప్తున్న, అందుకే పోయిన.

బిడ్డతోని ఏందో అన్నది. నీలవేణి నోటుబుక్కు తీసి రాసి నా ముందర పెట్టింది. "అలారం మోగలేదు, సరే. నాయిన పిలిచిండా అని అమ్మ అడుగుతుంది."

ఆ గ్యాస్ నేల మీదికెల్లి నిండుతదని చెప్పిన. ఊపిరాడక మనిషి ఉన్నకాడనే ఒరుగుతడు, మామూలుగ పిలిచే టైం ఉండదన్న. ఆ పిల్ల "మామూలుగ" అని రాసి, దాని కింద గీత గీసి మల్ల నా దిక్కు తిప్పింది.

నేను కూసున్న కుర్చీకి, కొమురెల్లికి నడుమ ఒక్క గోడ. క్యాబిన్ దర్వాజ తెరిచే ఉండె. మిషన్ నడుస్తున్నా సరే, చెవులున్నోడు ఆ కుర్చీల ఉంటె, మనిషి గట్టిగ పిలిస్తె ఇనబడేదే. నీ అబద్ధం తీసేసినంక కింద ఇది ఉన్నది. ప్యానెల్ల దీని లెక్క లేదు. నీ దగ్గర లేదు. నాకు చెవులు మందమని ఐదేండ్లు దాచింది నేను, నువ్వు కాదు.

ఇగ నాకు రాయకు.

ఆ పిల్ల చేతులకెల్లి పెన్ను తీసుకొని, అదే పేజి మీద "నాకు తెల్వదు" అని రాసిన. వెంకటనర్సమ్మ బిడ్డ మొఖం జూసింది, ఏం రాసిండని. నీలవేణి సదివి ఇనిపియ్యలే. బుక్కు మూసి ఒళ్ళె పెట్టుకున్నది.

సిద్దయ్య